ఏ తేదీన తెరుస్తారు? మంత్రివర్గ రికార్డులు, మన హక్కు (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ రెండు వరసలు ఖాళీగా ఉన్నాయి. లా చదివే పిల్లలున్నారు, విలేకరులున్నారు, సచివాలయంలో పనిచేసి రిటైరైన పెద్దలు కూడా ఉన్నారు. పెద్దలకు తెలిసిన సంగతులే కొన్ని చెబుతాను, మన్నించాలి. పిల్లలకు అవి ఎవరో ఒకరు చెప్పాలి కదా.

ఒక ఉత్తరంతో మొదలుపెడతాను. 1975 జూన్ 25 రాత్రి ప్రధాని ఇందిరాగాంధీ రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్‌కు రాసిన ఉత్తరం. సారాంశం చెబుతాను. దేశ భద్రతకు ముప్పుంది, ఎమర్జెన్సీ ప్రకటించాలి. మామూలుగా అయితే కేబినెట్‌కు తీసుకెళ్లేదాన్ని, ఈ రాత్రికి అది వీలుపడదు. కార్యనిర్వహణ నిబంధనల్లో 12వ నిబంధన కింద నాకున్న అధికారంతో ఆ పద్ధతిని పక్కన పెడుతున్నాను. రేపు పొద్దున్నే కేబినెట్‌కు చెబుతాను. ఇదీ ఉత్తరం. ఆ రాత్రే రాష్ట్రపతి సంతకం అయిపోయింది. మర్నాడు పొద్దున ఆరు గంటలకు మంత్రుల్ని కూర్చోబెట్టారు. అప్పటికే అరెస్టులు మొదలైపోయాయి.

నేనడిగేది ఒకటే. ఈ సంగతి మనకు ఎలా తెలిసింది? మంత్రులెవరైనా బయటికొచ్చి చెప్పారా? లేదు. కాగితం ఉంది కాబట్టి తెలిసింది. ఆ కాగితాన్ని, ఎమర్జెన్సీ అకృత్యాలమీద వేసిన షా కమిషన్ పట్టుకుని 1978లో తన నివేదికలో పెట్టింది కాబట్టి తెలిసింది. ఎన్నికల్లో ప్రభుత్వం మారింది, కమిషన్ వేశారు, ఫైళ్లు తెప్పించారు. ప్రభుత్వం మారకపోతే? ఆ ఉత్తరం ఇవాళ్టికీ ఏ బీరువాలోనో ఉండేది.

ఆ కాగితం బయటికి రావడం వల్ల ఏం జరిగిందో చూడండి. 44వ రాజ్యాంగ సవరణలో 352వ అధికరణాన్ని మార్చారు. ఎమర్జెన్సీ ప్రకటించాలని కేంద్ర కేబినెట్ తీసుకున్న నిర్ణయం రాతపూర్వకంగా అందితే తప్ప రాష్ట్రపతి ప్రకటన చేయకూడదు అని రాశారు. రాతపూర్వకంగా. ఈ మాటను లా విద్యార్థులు గుర్తుపెట్టుకోండి. మన రాజ్యాంగంలో 'కేబినెట్' అన్న మాట కనిపించేది ఆ అధికరణంలోనే. మిగతా చోట్లన్నీ మంత్రిమండలే. ఒక్క రాత్రి కేబినెట్‌ను తప్పించారన్నది కాగితంమీద కనిపించింది కనుకనే ఆ కంత పూడ్చగలిగారు.

అందుకని ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది సూటిగా ముందే చెప్పేస్తాను. మంత్రివర్గం లోపల మాట్లాడుకునేది కొంతకాలం గోప్యంగా ఉండడంలో తప్పులేదు. గడువు లేకపోవడమే తప్పు. మన దేశంలో ఏ కేబినెట్ కాగితం ఏ తేదీన తెరుస్తారో చెప్పే తేదీ లేదు. అయినా చట్టంలో ఒక తలుపుంది. ఆ తలుపు ఎక్కడుందో, ఎలా తట్టాలో ఇవాళ చూద్దాం.

ఇంతకీ కేబినెట్ రికార్డు అంటే ఏమిటి? చాలామంది ఒకే కాగితం అనుకుంటారు. కాదు. ఒక ప్రతిపాదన ఏదో ఒక శాఖలో పుడుతుంది. సాగునీటిది అయితే సాగునీటి శాఖ, భూములది అయితే రెవెన్యూ. ఢిల్లీలో ఆ శాఖ కేబినెట్ నోట్ ముసాయిదా రాసి, సంబంధమున్న మిగతా శాఖలకు పంపుతుంది. ఆర్థిక శాఖ ఒక మాట అంటుంది, న్యాయ శాఖ ఒక మాట అంటుంది. ఆ అభిప్రాయాలు, వాటికి సొంత శాఖ ఇచ్చిన జవాబు, అన్నీ నోట్‌కు అనుబంధంగా చేరతాయి. మంత్రి ఆమోదించాక కేబినెట్ సచివాలయానికి వెళ్తుంది. 'రహస్యం' అని ముద్ర ఉంటుంది, ప్రతి కాపీకి ఒక నంబరు ఉంటుంది, ఏ నంబరు కాపీ ఎవరికి వెళ్లిందో లెక్క ఉంటుంది. తర్వాత ఎజెండా, సమావేశం, మినిట్స్. ఆ నిర్ణయం మళ్లీ సొంత శాఖకు తిరిగొస్తుంది. ఇదంతా 1961 నాటి కార్యనిర్వహణ నిబంధనల ప్రకారం నడుస్తుంది.

మన తెలుగు రాష్ట్రాల్లో? ప్రభుత్వ కార్యకలాపాల నిబంధనలు, సచివాలయ సూచనలు. ఇక్కడ నోట్ అనరు, మెమోరాండం అంటారు. ప్రధాన కార్యదర్శే మంత్రిమండలికి కార్యదర్శి. సాధారణ పరిపాలన శాఖలో కేబినెట్ వ్యవహారాలు చూసే విభాగం ఉంటుంది. మంత్రిమండలి తీర్మానం అయ్యాక సొంత శాఖ జీవో ఇస్తుంది.

ఇందులో ఒక విషయాన్ని పట్టుకోండి. మన దగ్గర మినిట్స్‌లో ప్రధానంగా ఉండేది నిర్ణయం. ఏ మంత్రి ఏమన్నాడు, ఎవరు ఒప్పుకోలేదు అనేది వాటిలో దొరుకుతుందని ఆశపెట్టుకోకండి. మరి ఎందుకు అలా నిర్ణయించారు అనేది ఎక్కడ దొరుకుతుంది? మెమోరాండంలో, అనుబంధాల్లో, అంతకన్నా ముఖ్యంగా సొంత శాఖ ఫైలులో దొరుకుతుంది. పెద్దలు తల ఊపుతున్నారు. అధికారులు అభిప్రాయాలు రాసే నోట్ ఫైలు ఒకవైపు, వచ్చిన ఉత్తరాలు, పత్రాలు ఉండే కరెంట్ ఫైలు ఒకవైపు. సెక్షన్ ఆఫీసరు మొదటి పేరా రాసిన దగ్గర్నుంచి కార్యదర్శి సంతకం దాకా, మధ్యలో ఆర్థిక శాఖ 'ఇంత భారం మోయలేం' అని రాసి ఉంటే అది కూడా, నోట్ ఫైలులోనే ఉంటుంది. చరిత్ర రాసేవాళ్లకు కావలసింది అది. కేబినెట్ సచివాలయం బీరువా తెరుచుకోకపోయినా సొంత శాఖ ఫైలు తెరుచుకోవచ్చు. ఈ మాట మళ్లీ అవసరమవుతుంది.

అసలు గోప్యత ఎందుకు? కారణం ఉంది, దాన్ని తీసిపారేయకూడదు. మంత్రిమండలి శాసనసభకు ఉమ్మడిగా బాధ్యత వహిస్తుంది. లోపల ఎంత వాదించుకున్నా బయటికి ఒకే మాట. రేపు పొద్దున ప్రతి వాదనా పేపర్లో వస్తుందంటే ఏ మంత్రీ మనసులో మాట చెప్పడు, ఏ అధికారీ గట్టిగా వ్యతిరేకించి రాయడు. అందుకే పదవీ ప్రమాణంతోపాటు గోప్యతా ప్రమాణం కూడా చేయిస్తారు. రాష్ట్రపతికి మంత్రులు ఏ సలహా ఇచ్చారన్నది కోర్టులు విచారించకూడదని రాజ్యాంగంలో 74(2) అధికరణం, గవర్నర్ విషయంలో 163(3). ఇవన్నీ ఉన్నాయి, ఉండాలి కూడా.

కానీ సలహా వేరు, సలహాకు ఆధారమైన సమాచారం వేరు. 1981లో ఎస్.పి. గుప్తా కేసులో సుప్రీంకోర్టు ఈ గీత గీసింది. సలహా జోలికి వెళ్లం, దాని వెనకున్న సామగ్రిని చూస్తాం అంది. 1994లో బొమ్మై కేసులో రాష్ట్రపతి పాలన విషయంలోనూ అదే దారి. దీనికన్నా ముందే, 1975లో రాజ్ నారాయణ్ కేసులో జస్టిస్ మాథ్యూ, ప్రభుత్వం బహిరంగంగా చేసే ప్రతి పనినీ తెలుసుకునే హక్కు ఈ దేశ ప్రజలకు ఉందని రాశారు. ఎమర్జెన్సీకి కొద్ది నెలల ముందు రాసిన తీర్పది.

ఇప్పుడు అసలు తలుపు దగ్గరికి వద్దాం. 2005 సమాచార హక్కు చట్టం, సెక్షన్ 8, సబ్ సెక్షన్ 1, క్లాజు ఐ. చట్టం పుస్తకం తెచ్చుకున్నవాళ్లు తీయండి. మొదటి వాక్యం ఏమంటుంది? కేబినెట్ పత్రాలు, మంత్రిమండలి, కార్యదర్శులు, ఇతర అధికారుల చర్చల రికార్డులతో సహా, ఇవ్వనక్కర్లేదు అంటుంది. చాలామంది పౌర సమాచార అధికారులు అక్కడే పుస్తకం మూసేస్తారు. మనం మూయకూడదు. దాని కిందే 'అయితే' అని మొదలయ్యే వాక్యం ఉంది, చట్టం భాషలో ప్రొవైజో. మంత్రిమండలి నిర్ణయాలు, వాటికి కారణాలు, ఏ సామగ్రి ఆధారంగా ఆ నిర్ణయాలు తీసుకున్నారో ఆ సామగ్రి, నిర్ణయం జరిగి వ్యవహారం పూర్తయ్యాక లేదా ముగిశాక, బహిరంగపరచాలి. 'బహిరంగపరచవచ్చు' అని లేదు. బహిరంగపరచాలి. మూడు సంగతులు: నిర్ణయం, కారణం, సామగ్రి. మూడూ.

ఆ తర్వాత రెండో 'అయితే' ఉంది. ఇదే సెక్షన్‌లోని మిగతా మినహాయింపుల కిందికి వచ్చేవి ఇవ్వనక్కర్లేదు అని. దేశ భద్రత, విదేశీ సంబంధాలు, వ్యాపార రహస్యాలు వగైరా. అలాంటి భాగం ఉంటే? మొత్తం ఫైలు ఆపడానికి లేదు. సెక్షన్ 10 ప్రకారం ఆ భాగం తీసేసి మిగతాది ఇవ్వాలి. ఇక 8(2) ఉంది. అధికార రహస్యాల చట్టం, 1923 నాటిది, అది ఉన్నాసరే, ఈ మినహాయింపులు ఉన్నాసరే, దాచడంవల్ల కలిగే రక్షణకన్నా వెల్లడించడంవల్ల కలిగే ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చు అంటుంది. 2019లో రఫేల్ యుద్ధవిమానాల కేసు రివ్యూ సందర్భంలో సుప్రీంకోర్టు ఈ 8(2)ను ఎత్తిచూపింది.

ఇప్పుడొక చిక్కుంది. చట్టం చదివినవాళ్లు కూడా ఇక్కడ జారిపడతారు. 8(3) అని ఒకటుంది. ఇరవై ఏళ్లు దాటిన సంఘటనల సమాచారం ఏదైనా ఇవ్వాల్సిందే అంటుంది. వినడానికి ఎంత బాగుంది? 'ఇరవై ఏళ్లయింది కదా, కేబినెట్ నోట్ ఇవ్వండి' అని దరఖాస్తు పెడతారు. తిరిగొస్తుంది. ఎందుకు? 8(3) మొదట్లోనే క్లాజు ఎ, క్లాజు సి, క్లాజు ఐలకు లోబడి అని ఉంది. ఎ అంటే దేశ సార్వభౌమత్వం, భద్రత. సి అంటే చట్టసభల హక్కులు. ఐ అంటే మన కేబినెట్ పత్రాలు. అంటే ఇరవై ఏళ్లు కాదు, నలభై ఏళ్లయినా ఈ చట్టం కింద కేబినెట్ పత్రానికి మినహాయింపు దానంతటది పోదు. ఇంటెలిజెన్స్ సమాచారం ఇచ్చిన మనిషి పేరుకున్న మినహాయింపుకైనా ఇరవై ఏళ్ల గడువుంది, కేబినెట్ పత్రానికి లేదు. ఇది న్యాయమా? నా మటుకు ఇది చట్టంలో సరిదిద్దాల్సిన లోపం. దిద్దేదాకా మనకున్న ఆధారం ఆ మొదటి 'అయితే' మాత్రమే. అందుకే దాన్ని అంత నొక్కి చెబుతున్నాను.

మరి ఆర్కైవ్స్ సంగతేమిటి అంటారా? చెబుతాను. 1993 పబ్లిక్ రికార్డుల చట్టం. 1995 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. ముప్పై ఏళ్లు దాటి నేషనల్ ఆర్కైవ్స్‌కు చేరిన రికార్డులను పరిశోధకులకు చూపించవచ్చు అంటుంది. ఈ ఒక్క వాక్యంలో ఎన్ని తాళాలున్నాయో లెక్కపెట్టండి. ఒకటి, చూపించ'వచ్చు'. రెండు, నికార్సైన పరిశోధకులకు. మూడు, రహస్య ముద్ర లేనివి. నాలుగు, ఆర్కైవ్స్‌కు చేరినవి. ముప్పై ఏళ్ల లెక్క ఫైలు తెరిచిన సంవత్సరం నుంచి. ఇక సెక్షన్ 10 ఏమంటుందంటే, రహస్య ముద్ర ఉన్న రికార్డులను అసలు ఆర్కైవ్స్‌కు పంపకూడదు. కేబినెట్ నోట్ మీద పుట్టుకతోనే రహస్య ముద్ర ఉంటుంది. ముద్ర తీసేదాకా అది ఢిల్లీలో జనపథ్ మీదున్న ఆర్కైవ్స్ భవనం గడప తొక్కదు.

ముద్ర ఎవరు తీయాలి? 1997 నిబంధనల్లో ఉంది. ప్రతి శాఖ ఒక అధికారిని, అండర్ సెక్రటరీ హోదాకు తగ్గకుండా, నియమించి ఐదేళ్లకోసారి రహస్య ఫైళ్లను తిరగేయించి, అవసరం తీరినవాటికి ముద్ర తగ్గించాలి. పాతికేళ్లు దాటినవాటిని ఆర్కైవ్స్‌తో కలిసి కూర్చుని, ఏవి దాచాలి, ఏవి తీసేయాలి అని తేల్చాలి. అక్రమంగా రికార్డు తగలబెడితే ఐదేళ్ల దాకా జైలు, పదివేల దాకా జరిమానా. నిబంధన ఎంత చక్కగా ఉందో చూశారా? ముద్ర తీయనందుకు మాత్రం శిక్ష లేదు. తగలబెడితే శిక్ష, తెరవకపోతే శిక్ష లేదు. అధికారి వైపు నుంచి ఆలోచించండి. ముద్ర తీసి రేపు ఏదైనా గొడవైతే సంజాయిషీ తనే ఇచ్చుకోవాలి. తీయకపోతే అడిగేవాడు లేడు. ఇక ఎందుకు తీస్తాడు? మనిషి చెడ్డవాడై కాదు, ఏర్పాటే అలా ఉంది.

ఫలితం? 2022 డిసెంబరులో నేషనల్ ఆర్కైవ్స్ డైరెక్టర్ జనరలే బహిరంగంగా చెప్పారు. కేంద్రంలో 151 మంత్రిత్వ శాఖలు, విభాగాలు ఉంటే తమ దగ్గర 36 వాటి రికార్డులే ఉన్నాయని. 1962, 1965, 1971 యుద్ధాల రికార్డులు లేవని. హరిత విప్లవం రికార్డులు కూడా లేవని. యుద్ధం సరే, హరిత విప్లవంలో ఏం రహస్యం ఉంటుంది? మన గోదావరి, కృష్ణా డెల్టాల రైతులు తిండిగింజలు పండించిన కథ అది.

ఆర్కైవ్స్‌లో పనిచేసే పరిశోధకులందరికీ రెండు అక్షరాలు తెలుసు: 'ఎన్.టి.' కేటలాగులో ఫైలు నంబరు కనిపిస్తుంది, చీటీ రాసి ఇస్తారు, చీటీ తిరిగొస్తుంది, దానిమీద 'ఎన్.టి.' అని ఉంటుంది. బదిలీ కాలేదు అని దానర్థం. కొన్నిటిమీద కాగితం పెళుసుబారింది, ఇవ్వలేం అని ఉంటుంది. ఈ చీటీ పారేయకండి. ఎన్.టి. అంటే ఫైలు లేదని కాదు, ఇంకా శాఖ దగ్గరే ఉందని. ఆ నంబరుతోనే ఆ శాఖకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు. వెళ్లేముందు అభిలేఖ్ పటల్ పోర్టల్‌లో వెతుక్కోండి. స్కాన్ చేసిన ఫైళ్లు చాలా ఉన్నాయి, ఇంట్లోనే చదువుకోవచ్చు.

బయట దేశాల్లో ఎలా ఉందో రెండు ముక్కల్లో చెప్పి మన ఊరికి వస్తాను. బ్రిటన్‌లో 1916 డిసెంబరు దాకా కేబినెట్‌కు మినిట్స్ రాసే పద్ధతే లేదు. ప్రధాని రాజుకు రాసే ఉత్తరమే రికార్డు. తర్వాత మినిట్స్ వచ్చాయి, 1958 చట్టంతో యాభై ఏళ్ల గడువు వచ్చింది, 1967లో అది ముప్పైకి తగ్గింది, 2010 చట్టంతో ఇరవైకి తగ్గించడం మొదలైంది. ఆస్ట్రేలియాలోనూ ఇరవై. అక్కడ చర్చను రాసుకునే కేబినెట్ నోట్‌బుక్కులకు మాత్రం ముప్పై. ఏటా జనవరి 1న విడుదల చేస్తారు, ఆ రోజు పేపర్ల నిండా అదే. న్యూజీలాండ్ ఇంకా ముందుకెళ్లింది. 2019 జనవరి నుంచి, నిర్ణయమైన 30 పనిదినాల్లోపు కేబినెట్ పత్రాలను ప్రభుత్వమే బయటపెట్టాలి, ఆపాల్సినవి ఉంటే కారణం చూపి ఆపుకోవచ్చు. ఆ దేశాల ప్రభుత్వాలు కూలిపోయాయా? మంత్రులు మాట్లాడుకోవడం మానేశారా?

మన నేల సంగతి. తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. మొఘలు కాలపు పర్షియన్ కాగితాలు, షాజహాన్, ఔరంగజేబు కాలంనాటివి, లక్షకు పైగా ఉన్నాయి. ఏడో నిజాం 1919లో ఏర్పాటుచేసిన బాబ్-ఎ-హుకూమత్, అంటే కార్యనిర్వాహక మండలి, ఒకరకంగా ఆనాటి కేబినెట్, దాని కాగితాలు పరిశోధకులు చదివి చరిత్ర రాశారు. నిజాం మంత్రులు ఏం నిర్ణయించారో చదవగలుగుతున్నాం. మనం ఓటేసి గెలిపించిన మంత్రులు ఏం నిర్ణయించారో చదవడానికి మాత్రం ఇంత అగచాటు పడాలా?

దాచడంవల్ల ఏం జరుగుతుందో చెప్పడానికి మనకు సుందర్‌లాల్ కమిటీకన్నా పెద్ద ఉదాహరణ అక్కర్లేదు. అది కేబినెట్ పత్రం కాదు, కానీ జబ్బు అదే. 1948 సెప్టెంబరు సైనిక చర్య తర్వాత హైదరాబాద్ రాష్ట్రంలో జరిగిన హింసమీద పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ నవంబరు 29 నుంచి డిసెంబరు 21 దాకా తిరిగి నివేదిక ఇచ్చారు. చనిపోయినవాళ్లు ఇరవై ఏడు వేల నుంచి నలభై వేల మధ్య ఉంటారని అంచనా వేశారు. ప్రభుత్వం దాన్ని ప్రచురించలేదు. ఢిల్లీలో నెహ్రూ స్మారక లైబ్రరీలో కాపీ చూడొచ్చని అందరికీ తెలిసేసరికి 2013 వచ్చింది. అరవై ఏళ్లు పైన. ఈలోపు ఏమైంది? ఒకరు లక్షలమంది అన్నారు, ఇంకొకరు అసలేమీ జరగలేదన్నారు. చూసిన తరం చాలావరకు వెళ్లిపోయింది. అంచనా తప్పో ఒప్పో వాళ్లుండగా తేల్చుకునే అవకాశం పోయింది. నాకు చాలా బాధ కలిగించే విషయం ఇది. నివేదిక సంచలనం కాదు ముఖ్యం, సాక్షులు బతికుండగా దాన్ని చదవనివ్వలేదన్నది ముఖ్యం.

దగ్గరి కాలానికి రండి. 2010 డిసెంబరు 30న, తెలంగాణ డిమాండ్‌మీద వేసిన శ్రీకృష్ణ కమిటీ నివేదిక ఇచ్చింది. మనమందరం చదివాం. ఎనిమిదో అధ్యాయం చదివామా? శాంతిభద్రతల మీద రాసిన వివరం సీల్డు కవర్లో ఇచ్చారు. 2011లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు సింగిల్ జడ్జి దాన్ని వెల్లడించాలన్నారు, కేంద్రం అప్పీలుకు వెళ్లింది. తర్వాత 2013 అక్టోబరు 3న కేంద్ర కేబినెట్ తెలంగాణ ఏర్పాటు నోట్‌ను ఆమోదించింది. ఆ ఫైలు ఆ ఏడాదే తెరిచారనుకుంటే ముప్పై ఏళ్లు నిండేది 2043లో. అదీ ముద్ర తీస్తే, పంపిస్తే, చూపిస్తే. ఏ ప్రాంతం వాళ్లమైనా సరే, ఆ నోట్‌కు ఏ శాఖ ఏమని రాసిందో తెలుసుకునే హక్కు మనకు లేదా? 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయింది. వ్యవహారం ముగిసింది కదా.

ఇక జీవోలు. కేబినెట్ నిర్ణయానికి మన చేతికందే మొదటి ఆనవాలు జీవోనే. 2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో జీవోలను వెబ్‌సైటులో పెట్టడం ఆపేశారు. హైకోర్టులో పిటిషన్లు పడ్డాయి. 2024 ఆగస్టులో మళ్లీ పెట్టడం మొదలైంది. తెలంగాణలోనూ జీవోలన్నీ వెబ్‌సైటులో ఉండడం లేదని హైకోర్టులో వ్యాజ్యాలు నడిచాయి. ఏ పార్టీ అన్నది నాకు ముఖ్యం కాదు. జీవో నంబరు తెలియకపోతే పౌరుడు ఫైలు అడగలేడు. నంబరు దాచితే ఫైలు దాచినట్టే.

ఇప్పుడు పని చేసే పద్ధతి. రాసుకోండి.

ముందు జీవో సంపాదించాలి. జీవో ఎంఎస్ అయితే విధానపరమైనది, ఆర్‌టీ అయితే రొటీన్‌ది. కేబినెట్ నిర్ణయాలు ఎక్కువగా ఎంఎస్‌లో వస్తాయి. జీవోలో అందరూ ఉత్తర్వు పేరాలు చదివి పక్కన పెట్టేస్తారు. మీరు పైభాగం చదవండి. సంగ్రహం కింద, శాఖ పేరు, తేదీ కింద, 'ఈ కిందివి చదవడమైనది' అని సూచికల జాబితా ఒకటి ఉంటుంది. ఫలానా కమిషనర్ లేఖ నంబరు, తేదీ. ఫలానా కమిటీ నివేదిక. ఆర్థిక శాఖ యూఓ నోట్, అంటే శాఖకూ శాఖకూ మధ్య నడిచే నోట్, దాని నంబరు. చట్టం చెప్పిన 'సామగ్రి' అదే! ప్రభుత్వం తన చేత్తో తనే రాసిచ్చిన జాబితా. చివర కాపీలు ఎవరికి పంపారో ఉంటుంది. ఆ ఆఫీసుల్లో కూడా కాగితం ఉంటుందన్నమాట. ఒకచోట దొరక్కపోతే ఇంకోచోట అడగొచ్చు.

దరఖాస్తు ఎవరికి? కేబినెట్ విభాగానికి కాదు, జీవో ఇచ్చిన శాఖ పౌర సమాచార అధికారికి. కేబినెట్ విభాగానికి పెడితే మినహాయింపు వాక్యం ఒకటి టైపు చేసి పంపే అవకాశమే ఎక్కువ. శాఖకు పెడితే వాళ్ల దగ్గర నిజంగా ఫైలుంటుంది.

ఏమని రాయాలి? 'ఎందుకు ఈ నిర్ణయం తీసుకున్నారు' అని రాయకండి. 2011లో ఆదిత్య బందోపాధ్యాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, రికార్డులో ఉన్నదే ఇవ్వాలి, కొత్తగా జవాబు తయారుచేసి ఇవ్వనక్కర్లేదని. 'మంత్రిగారు ఏమన్నారు' అని కూడా వద్దు, అది చర్చ, మినహాయింపులోకి పోతుంది. ఇలా రాయండి: ఫలానా జీవో, ఫలానా తేదీ ద్వారా అమలైన మంత్రిమండలి నిర్ణయం విషయంలో, సెక్షన్ 8(1)(ఐ) మొదటి ప్రొవైజో ప్రకారం, తీర్మానం సర్టిఫైడ్ కాపీ, నిర్ణయానికి ఆధారమైన మెమోరాండం, అనుబంధాలు, ఆర్థిక, న్యాయ శాఖల అభిప్రాయాలు, జీవో సూచికల్లోని 1 నుంచి ఇన్ని పత్రాలు, సంబంధిత నోట్ ఫైలు, కరెంట్ ఫైలు తనిఖీ. చివర ఒక వాక్యం: ఏదైనా భాగం ఇవ్వకూడదనుకుంటే ఏ పేజీకి ఏ క్లాజో చెప్పి, సెక్షన్ 10 కింద మిగతాది ఇవ్వండి. వీలుంటే తనిఖీ తప్పకుండా అడగండి. ఫైలు ఎదురుగా ఉంటే ఏ పేజీ కావాలో మీకే తెలుస్తుంది, అనవసరంగా ఐదొందల పేజీల డబ్బు కట్టనక్కర్లేదు.

ఫీజు పది రూపాయలు. మన దగ్గర గ్రామస్థాయిలో లేదు, మండలస్థాయిలో ఐదు. పేజీకి రెండు రూపాయలు. కేంద్ర శాఖకైతే పోస్టల్ ఆర్డరు అకౌంట్స్ ఆఫీసర్ పేరున తీయాలి. పేరు తప్పు రాసినందుకే వెనక్కొచ్చే దరఖాస్తులు చాలా ఉంటాయి, జాగ్రత్త.

రాష్ట్రం విడిపోయాక ఒక కొత్త చిక్కు. 2014కు ముందు ఫైలు ఎటు వెళ్లింది? ఆంధ్ర సచివాలయం 2016లో వెలగపూడికి వెళ్లింది. తెలంగాణ సచివాలయం 2019లో బూర్గుల భవన్‌కు మారి, పాత భవనాలు 2020లో కూల్చి, కొత్త భవనం 2023 ఏప్రిల్ 30న తెరిచారు. ఫైలు ఇన్ని ఇళ్లు మారితే తప్పిపోదా? ఒకచోట పెట్టి, వాళ్ల దగ్గర లేకపోతే సెక్షన్ 6(3) కింద ఐదు రోజుల్లో ఉన్నచోటికి బదిలీ చేయమని రాయండి. రెండో రాష్ట్రానికి బదిలీ చేయడానికి చాలామంది ఒప్పుకోరు. అందుకని అనుమానమున్న ఫైలుకు పది రూపాయలు పోయినా రెండుచోట్లా పెట్టడమే నయం. ఇంకో మాట. కేంద్ర పబ్లిక్ రికార్డుల చట్టం రాష్ట్రాల ఫైళ్లకు వర్తించదు. మహారాష్ట్ర 2005లో, కర్ణాటక 2010లో సొంత చట్టాలు చేసుకున్నాయి. ఇక్కడి ఫైలుకు ఆయుష్షు ఎంతో దాని ముగింపు ముద్ర చెబుతుంది. ఆర్.డిస్. అయితే శాశ్వతం, డి.డిస్. అయితే పదేళ్లు, ఎల్.డిస్. అయితే ఏడాది. దరఖాస్తులో 'ఈ ఫైలును ఏ డిస్పోజల్ కింద మూశారు, ధ్వంసం చేసి ఉంటే ధ్వంసం రిజిస్టరు కాపీ' అని కూడా అడగండి.

జవాబులు ఎలా వస్తాయి? ఎక్కువగా మూడు రకాలు. 'కేబినెట్ పేపర్లు, 8(1)(ఐ), ఇవ్వలేం' అని ఒకటే వాక్యం. మొదటి అప్పీలులో రాయండి: ప్రొవైజో చూడలేదు, సెక్షన్ 7(8) ప్రకారం కారణాలు ఇవ్వలేదు, 19(5) ప్రకారం నిరాకరణ సరైనదని రుజువు చేసే భారం అధికారిదే. రెండో రకం, 'వ్యవహారం ఇంకా పూర్తికాలేదు.' ఇది గట్టి అడ్డంకి. ప్రాజెక్టు నిర్మాణం నడుస్తోంది కాబట్టి పూర్తికాలేదంటారు. నా వాదన ఏమిటంటే, నిర్ణయం అమలులోకి తెస్తూ జీవో వచ్చిన రోజే ఆ నిర్ణయం వ్యవహారం పూర్తయింది. కట్టడం పూర్తవడం వేరు, నిర్ణయం పూర్తవడం వేరు. లేకపోతే ముప్పై ఏళ్లు కట్టే ప్రాజెక్టుకు ముప్పై ఏళ్లూ కాగితం చూపరు. అయినా మొదటి దరఖాస్తుకు అమలైపోయిన నిర్ణయాన్నే ఎంచుకోండి, గెలవడం తేలిక. మూడో రకం, 'ఫైలు దొరకడం లేదు.' దొరక్కపోవడం చట్టంలో మినహాయింపు కాదు. 2013 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు విశ్వాస్ భాంబుర్కర్ కేసులో చెప్పింది, గట్టిగా వెతకాలి, దొరక్కపోతే విచారణ చేసి బాధ్యులెవరో తేల్చాలని. ఆ తీర్పు పేరు అప్పీలులో రాస్తే, దొరకని ఫైలును మరోసారి వెతుకుతారు.

గడువులు. ముప్పై రోజుల్లో జవాబు. రాకపోయినా, నచ్చకపోయినా ముప్పై రోజుల్లో మొదటి అప్పీలు. దానిమీద ముప్పై రోజుల్లో, ఎక్కువలో ఎక్కువ నలభై ఐదు రోజుల్లో తేల్చాలి. తర్వాత తొంభై రోజుల్లో సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. ఎక్కువమంది ఇక్కడే ఓడిపోతారు, వాదనలో కాదు, తేదీల్లో. కవరుమీద పోస్టు ముద్ర, రశీదు, జవాబు అందిన తేదీ, మూడూ ఒకే ఫైలులో పెట్టుకోండి.

నేను చెప్పాల్సింది అయింది. ప్రశ్నలకు ముందు ఒక పని చేద్దాం. జీవో కాపీలు తెమ్మని చెప్పాం కదా, తెచ్చినవాళ్లు బయటికి తీయండి. లేనివాళ్లు పక్కవాళ్లతో కలిసి చూడండి. ఉత్తర్వు చదవొద్దు. పైన సూచికల జాబితా దగ్గరికి వెళ్లి, ఒకటో నంబరు కాగితం ఎవరు ఎవరికి రాశారో, ఏ తేదీన రాశారో పెన్సిల్‌తో గీత గీయండి. మీ దరఖాస్తులో మొదటి పేరా అక్కణ్నుంచే రాద్దాం.